బల్ల మీద విమానం, గదిలో ఆవిరి

రిటైరైన మనిషి ఇంట్లో ఏం చేస్తూ ఉండాలి? ఈ ప్రశ్న పదిమందిని అడిగితే పదిరకాల జవాబులు వస్తాయి. పొద్దున్నే నడవమంటారు. గుడికి వెళ్ళమంటారు. మనవల్ని స్కూలు బస్సు ఎక్కించి రమ్మంటారు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి జపాను యుద్ధవిమానం తయారుచేయమని మాత్రం ఎవరూ చెప్పరు. కాని ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డు మీద ఉన్న పీర్జాదిగూడలో ఒక పెద్దమనిషి సరిగ్గా ఆ పనే చేస్తున్నారు. ఆయన కోడలు రాసిన ఉత్తరమే ఈ వారం మన విషయం.

ఉత్తరం సారాంశం ఇది. మామయ్యగారికి డెబ్బై ఒకటో ఏడు. పబ్లిక్ సెక్టారు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి మనిషికి తిండి మీద ధ్యాస లేదు, మాట లేదు. ఆరునెలల కిందట కొడుకు ఆయన పుట్టినరోజుకి ఒక విమానం కిట్టు తెప్పించి ఇచ్చాడు. ఆ రోజునుంచి ఆయన మారిపోయారు. పొద్దున్న ఎనిమిదింటికి బల్ల ముందు కూర్చుంటే రాత్రి పదింటికి లేస్తున్నారు. చిక్కల్లా ఏమిటంటే, అది రెండు పడకగదుల ఫ్లాటు. బల్ల ఉన్న గదిలోనే ఏడేళ్ళ మనవడు తాతయ్య పక్కన పడుకుంటాడు. వాడికి చలికాలంలో పిల్లికూతలు వచ్చేవి, ఈసారి ఎండాకాలంలో కూడా వచ్చాయి. కోడలికి ఇప్పుడు నాలుగో నెల. ఆ గదిలోకి అడుగుపెడితే తలనొప్పి, వికారం.

"ఆ పెట్టె అటక మీద పెట్టేయమని చెప్పమంటారా, వద్దంటారా? చెబితే ఆయన మళ్ళీ మంచం పడతారని మావారి భయం. చెప్పకపోతే పిల్లల సంగతి ఏమవుతుందోనని నా భయం" అని ఆమె అడిగారు.

ఇద్దరి భయాలూ న్యాయమైనవే. కొడుకు చెప్పేదీ నిజం, కోడలు చెప్పేదీ నిజం. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు నెగ్గడం కన్నా, ఆ గదిలో అసలు ఏం జరుగుతోందో అందరూ తెలుసుకోవడం మంచిది. విమానాలు కట్టేవారు మన ఊళ్ళలో తక్కువే కావచ్చు. కాని ఇంట్లో జిగురు, థిన్నరు, రంగులు, చిన్న కత్తి పట్టుకుని పనిచేసేవారు ఎందరో ఉన్నారు. బొమ్మలకు రంగులు వేసేవారు, కృత్రిమ నగలు తయారుచేసే గృహిణులు, స్కూలు ప్రాజెక్టులు చేసే పిల్లలు, అందరికీ ఈ మాటలు వర్తిస్తాయి.

ఏమిటా విమానం?

ముందు ఆ విమానం గురించి నాలుగు మాటలు. దాని పేరు నకజిమ బి5ఎన్. రెండో ప్రపంచయుద్ధంలో జపాను నౌకాదళం వాడిన బాంబర్లలో ఒకటి. ముగ్గురు ఒకరి వెనక ఒకరు కూర్చునేవారు. అవతలి పక్షం వారు దీనికి 'కేట్' అని సంకేతనామం పెట్టుకున్నారు. 1941 డిసెంబరు 7న పెరల్ హార్బర్ మీద దాడి చేసిన విమానాల్లో ఇవీ ఉన్నాయి.

మన తెలుగువారికి ఇంకా దగ్గర సంగతి ఒకటి ఉంది. 1942 ఏప్రిల్ 6న బంగాళాఖాతంలో ఉన్న ర్యూజో అనే విమానవాహక నౌక మీదినుంచి ఈ రకం విమానాలే వచ్చి కాకినాడ మీదా, విశాఖపట్నం మీదా బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగులు తీశారు. ఆనాడు పడి పేలని బాంబు ఒకటి విశాఖ బీచ్ రోడ్డులోని మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. మామయ్యగారిది కాకినాడ. ఆయన అప్పటికి పుట్టలేదు. కాని చంకలో పెద్దకొడుకుని ఎత్తుకుని ఊరు విడిచి నడిచిన సంగతి తల్లి చెబుతుంటే విని పెరిగారట. అమ్మని భయపెట్టిన విమానం ఎలా ఉండేదో చేతులతో కట్టి చూసుకోవాలని ఆయన కోరిక. ఇందులో వింత ఏమీ లేదు. మనిషి మనసుకి ఇలాంటి దారులు ఉంటాయి.

అసలు విమానం రెక్కలు ఈ చివరనుంచి ఆ చివరకు పదిహేనున్నర మీటర్లు. కిట్టులో దాన్ని నలభై ఎనిమిదో వంతుకు తగ్గిస్తారు. అంటే రెక్కలు అడుగు కన్నా కాస్త ఎక్కువ, పొడవు జానెడు. ఆ జానెడు విమానానికి వందకు పైగా ముక్కలు. కొన్ని ముక్కలు కందిగింజ కన్నా చిన్నవి. వాటిని చట్రంలోనుంచి కత్తిరించాలి, గరుకు కాగితంతో రుద్దాలి, అతికించాలి, రంగు వేయాలి. చివర రెక్కల మీద ఎర్రటి సూర్యబింబం అంటించాలి.

ముందు మంచి సంగతి

భార్య పోయిన మగవాళ్ళని ఓ.పి.లో చూస్తూనే ఉంటాం. నిద్ర లేదంటారు, ఆకలి లేదంటారు, కాళ్ళు పీకుతున్నాయంటారు. పరీక్షలన్నీ బాగానే ఉంటాయి. జబ్బు మనసుకి. ఇలాంటి మనిషి పొద్దున్న లేచి 'ఇవాళ ఎడమ రెక్క అతికించాలి' అని అనుకోగలిగితే సగం వైద్యం జరిగినట్టే. రేపటికి ఒక పని మిగిలి ఉండటం పెద్ద బలం. వేళ్ళకి పని, చూపుకి పని, ఓపికకి పని, మనవడితో మాటలు, ఇవన్నీ ఒక బల్ల దగ్గరే దొరుకుతున్నాయి. పిల్లవాడు ఆ కాసేపు ఫోను పక్కన పెడుతున్నాడు. ఇది చిన్న లాభమా?

అలాగని బొమ్మలు కడితే మతిమరుపు జబ్బు రాదని, రక్తపోటు దానంతట అదే తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వేసుకునే మాత్రలు వేసుకోవలసిందే. దిగులు మరీ ఎక్కువగా ఉంటే, చావు గురించి మాట్లాడుతుంటే, విమానంతో సరిపెట్టకుండా మానసిక వైద్యుణ్ణి కలవాలి.

ఇక ఆవిరి సంగతి

ఈ ప్లాస్టిక్ జిగురు మామూలు బంక లాంటిది కాదు. బంక రెండు కాగితాల మధ్య ఎండి పట్టుకుంటుంది. ఈ జిగురు ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. కరిగిన రెండు అంచులూ కలిసి ఒకటై గట్టిపడతాయి. కరిగించే ఈ ద్రవాల్లో ఎసిటోన్, బ్యూటైల్ ఎసిటేట్ వంటివి ఉంటాయి. కొన్ని జిగురుల్లో, థిన్నర్లలో టాలుయీన్ ఉంటుంది. జిగురు ఎండడమంటే ఈ ద్రవం ఆవిరై గదిలో కలవడమే. ఎక్కడికో మాయమైపోదు. మీరు పీలుస్తారు.

పీలిస్తే ఏమవుతుంది? కొద్దిగా అయితే కళ్ళమంట, ముక్కులో దురద, తలనొప్పి. ఇంకా ఎక్కువైతే తలతిరుగుడు, వికారం, తాగినవాడి లాంటి మత్తు, మాట తడబాటు. బయటి గాలిలోకి వస్తే ఇవి తగ్గుతాయి. అలా తగ్గాయంటే కారణం గదిలోనే ఉందని అర్థం. సెలవుల్లో ఊరు వెళితే రాని తలనొప్పి ఇంటికి రాగానే మొదలవుతోందా? అయితే ముందు ఆ గదిని అనుమానించండి. టాలుయీన్ వంటివాటిని ఏళ్ళ తరబడి ఎక్కువ మోతాదులో పీలిస్తే మెదడు, నరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నాచారం పారిశ్రామికవాడలోనో, మరోచోటో పగలంతా రంగులు, థిన్నర్ల మధ్య పనిచేసేవారు రాత్రి ఇంట్లో కూడా అదే ఆవిరి పీల్చకుండా చూసుకోవాలి.

మూడు సంగతులు చాలామందికి తెలియవు.

ఒకటి, మన ముక్కు నమ్మకమైన కాపలాదారు కాదు. వాసన ఉన్న గదిలో కొద్దిసేపు కూర్చుంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. 'నాకేం వాసన రావడంలేదే!' అని మామయ్యగారు అంటే ఆయన అబద్ధం చెప్పడంలేదు. నిజంగానే ఆయనకి తెలియదు. బయటినుంచి వచ్చిన కోడలికి తెలుస్తుంది. ఈ విషయంలో ఆమె ముక్కునే ప్రమాణంగా తీసుకోవాలి.

రెండు, ఈ ఆవిర్లు గాలికన్నా బరువు. అందుకని కిందికి దిగుతాయి. కుర్చీలో కూర్చున్న తాతయ్య కన్నా బల్ల పక్కన నేల మీద ఆడుకునే మనవడికి, కింద పరుపు మీద పడుకున్నవాడికి ఎక్కువ తగిలే అవకాశం ఉంది. పైగా ఈ ఆవిర్లకి నిప్పు అంటుకుంటుంది. బల్ల కింద దోమల చుట్ట వెలిగించుకుని పైన థిన్నరుతో కుంచె కడుక్కోవడం ప్రాణం మీదికి తెచ్చే పని. పూజాదీపం, అగరువత్తి, సిగరెట్టు, గ్యాసు పొయ్యి, ఏదీ దగ్గర ఉండకూడదు.

మూడు, ఇళ్ళలో ఉండే స్ప్లిట్ ఏసీ బయటిగాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే మళ్ళీ మళ్ళీ చల్లబరుస్తుంది. తలుపులు వేసి ఏసీ పెట్టుకుని జిగురు పని చేస్తే ఆ ఆవిరినే చల్లగా పీలుస్తున్నారన్నమాట. పిల్లవాడికి ఎండాకాలంలో కూడా ఆయాసం ఎందుకు వచ్చిందో ఆలోచించండి. ఆ గదిలో తలుపులు మూసింది అప్పుడే కదా!

కిటికీలు ఎందుకు మూస్తున్నారో నాకు తెలుసు. సాయంత్రమైతే దోమలు. పగలు రోడ్డు దుమ్ము. 2018లో మొదలైన ఉప్పల్ – నారపల్లి ఫ్లైఓవర్ పనులు ఏళ్ళ తరబడి సాగి ఆ దారిన ఉన్న ఇళ్ళకి దుమ్ము తినిపించాయి. అందుకని 'కిటికీలన్నీ ఎప్పుడూ తీసి ఉంచండి' అని సలహా చెప్పి చేతులు దులుపుకుంటే లాభం లేదు. జరిగే ఉపాయం కావాలి.

వాసన పని, వాసన లేని పని

ఉపాయం ఇది. పనిని రెండుగా విడదీయండి. ముక్కలు కత్తిరించడం, నంబర్లు చూసి వేరుచేయడం, అతికించకుండా అమర్చి చూసుకోవడం, సబ్బునీళ్ళలో కడగడం, తడిపిన గరుకు కాగితంతో రుద్దడం, బొమ్మలు అంటించడం, ఇవన్నీ వాసన లేని పనులు. గదిలో చేసుకోవచ్చు. జిగురు రాయడం, రంగు వేయడం, కుంచెలు థిన్నరుతో కడగడం, ఇవి వాసన పనులు. వీటిని బాల్కనీలోకి మార్చండి. ఒక పీట, ఒక స్టూలు చాలు. రోజంతా కూడబెట్టుకున్న జిగురు పని పొద్దున్న అరగంటలో ముగించవచ్చు. ఆ వేళ దుమ్ము కూడా తక్కువ.

అతికించిన ముక్కల్ని వెంటనే గదిలోకి తేకండి. అవి ఎండుతున్నంతసేపూ ఆవిరి వదులుతూనే ఉంటాయి. బాల్కనీలోనే ఒక పళ్ళెంలో పెట్టి మీద జల్లెడ బోర్లించండి. దుమ్ము పడదు, కాకి ఎత్తుకుపోదు. రాత్రంతా ఆరనివ్వండి.

బాల్కనీ లేనివారు ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలు తెరవాలి. ఒక కిటికీ దగ్గర టేబుల్ ఫ్యాను పెట్టి దాని మొహం వీధివైపు తిప్పండి. అది గదిలోని గాలిని బయటికి నెడుతుంది. మీ మొహం మీదికి గాలి కొట్టేలా ఫ్యాను పెట్టుకుంటే ఆవిరి గదంతా తిరుగుతుందేగాని పోదు. పని అయ్యాక కూడా గంటసేపు ఫ్యాను తిరగనివ్వండి. ఆ రాత్రి ఆ గదిలో ఎవరూ పడుకోకుండా ఉంటే మరీ మంచిది.

మరి మాస్కు పెట్టుకుంటే చాలదా అని అడగవచ్చు. 2020 తర్వాత ప్రతి ఇంట్లోనూ మాస్కులున్నాయి. గుడ్డ మాస్కుగాని, ఎన్95గాని ఆవిరిని ఆపలేవు. రుద్దినప్పుడు లేచే పొడిని, స్ప్రే తుంపరలను ఎన్95 ఆపుతుంది. ఆవిరిని ఆపాలంటే బొగ్గుతో చేసిన ప్రత్యేకమైన ఫిల్టరు బిళ్ళలున్న మాస్కు కావాలి. అది కూడా కిటికీకి బదులు కాదు. జిగురుల్లో ఘాటు తక్కువగా ఉండేవి, రంగుల్లో నీటితో కలిసేవి దొరుకుతాయి. వీలైనంతవరకు అవే వాడండి. అయితే నీటితో కలిసే రంగుల్లో కూడా కొన్నిట్లో ఆల్కహాలు ఉంటుంది. డబ్బా మీద రాసింది చదవండి.

గర్భిణి, ఆయాసం ఉన్న పిల్లవాడు

ఉత్తరం రాసిన అమ్మాయికి ముందు ధైర్యం చెబుతాను. ఇలాంటి ద్రావకాలను ఎక్కువ మోతాదులో రోజూ పీల్చే గర్భిణుల బిడ్డలకు హాని కలుగుతుందని వైద్యులకు తెలుసు. ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు, మత్తు కోసం పీల్చేవారు ఆ కోవలోకి వస్తారు. గుమ్మం దగ్గర నిలబడి అప్పుడప్పుడు వాసన చూసినంత మాత్రాన బిడ్డకి ఏదో అయిపోయిందని బెంగపెట్టుకోకమ్మా. కాని ఇకముందు ఆ గదిలో కూర్చోవద్దు. వాసన పని జరిగేటప్పుడు ఆ వైపు వెళ్ళవద్దు. థిన్నరు గుడ్డలు, కుంచెలు నువ్వు కడగవద్దు. నీ వికారం నాలుగో నెలది కావచ్చు, జిగురుదీ కావచ్చు. కారణం ఏదైనా జాగ్రత్త ఒకటే. నిన్ను చూసే డాక్టరమ్మకి ఈ సంగతి చెప్పు. అందరికీ చేసే అయిదో నెల స్కానింగు మానకుండా చేయించుకో.

బాబు విషయం ఇంకా తొందరైనది. పిల్లికూతలు వచ్చే పిల్లల ఊపిరిగొట్టాలు ఘాటు తగిలితే ముడుచుకుపోతాయి. సూపర్ గ్లూ ఆవిరి కూడా ఈ పని చేస్తుంది. ఈ రాత్రినుంచే వాడి పక్క వేరే గదిలో వేయండి. లేదా బల్లనే హాల్లోకి మార్చి, జిగురు సీసాలు బయట పెట్టండి. డాక్టరు రాసిన ఇన్‌హేలరు చేతికందే చోట ఉండాలి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పక్కలు ఎగరేయడం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే ఇంట్లో ఆవిరి పట్టిస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.

అయితే మనవణ్ణి తాతయ్య నుంచి విడదీయమని నేను చెప్పడంలేదు. వాసన లేని పనులన్నిటికీ వాడు సహాయకుడే. నంబరు చెబితే ముక్క వెతికి ఇస్తాడు. అన్నిటికన్నా సరదా పని ఎర్రబింబాలు అంటించడం. బొమ్మ కాగితాన్ని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే బొమ్మ జారివస్తుంది. దాన్ని రెక్క మీదికి జరిపి తడిగుడ్డతో అద్దాలి. ఇందులో జిగురు వాసన లేదు, కత్తి లేదు. ఆ పని పూర్తిగా వాడికే ఇవ్వండి.

కంటి మందు సీసా, జిగురు ట్యూబు

ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ సంగతి వేరుగా చెప్పాలి. విమానానికి ఉన్న గాజులాంటి కప్పును దీనితో అతికిస్తే దాని చుట్టూ తెల్లని పొగమంచు కమ్ముతుంది. కట్టేవారందరికీ ఇది తెలుసు. అది జిగురు ఆవిరే. అద్దం మీద పేరుకున్న ఆ ఆవిరే వంగి చూస్తున్న మీ కళ్ళకీ తగులుతోంది. కళ్ళు మండి నీళ్ళు కారడం అందుకే.

వేళ్ళు అంటుకుంటే లాగకండి. చర్మం ఊడివస్తుంది. గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, వేళ్ళను మెల్లగా దొర్లిస్తూ విడదీయండి. గోళ్ళరంగు తుడిచే ఎసిటోన్ వేళ్ళకు వాడవచ్చు, కంటి దరిదాపులకు తేకూడదు. ఒలికిన సూపర్ గ్లూను దూదితోగాని, నూలుగుడ్డతోగాని తుడవకండి. దూదితో కలిస్తే అది ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలుతుంది.

శుక్లం ఆపరేషన్ చేయించుకున్నవారి ఇంట్లో మరో ప్రమాదం ఉంది. కంటి చుక్కల సీసా, జిగురు ట్యూబు ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి. రాత్రిపూట కళ్ళజోడు లేకుండా తడిమి ఒకదానికి బదులు మరొకటి వేసుకున్న సంఘటనలు లోకంలో ఎన్నో ఉన్నాయి. ఈ రెండూ ఒకే బల్ల మీద, ఒకే సొరుగులో ఉండకూడదు. పొరపాటున కంట్లో పడితే రెప్పలు బలవంతంగా విప్పకండి. నీళ్ళతో బాగా కడిగి, తడిగుడ్డ కప్పి, వెంటనే కంటి ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

కత్తి, కుంచె, కూల్‌డ్రింకు సీసా

మోడలు కత్తి గుండ్రంగా ఉంటుంది, దొర్లుతుంది. దొర్లి కింద పడి పాదంలో గుచ్చుకుంటుంది. పట్టుకునేందుకు తొడలు చాపడం మనిషి సహజం, అలా చాపితే అక్కడా గుచ్చుకుంటుంది. కత్తి పడితే పడనివ్వండి. కాళ్ళకి చెప్పులు వేసుకుని కూర్చోండి. తెగితే శుభ్రమైన గుడ్డతో పదినిమిషాలు అదిమిపట్టండి. గుండెజబ్బుకి రక్తం పలచబరిచే మాత్రలు వేసుకునేవారికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి. గాయం మురికిగా, లోతుగా ఉంటే అయిదేళ్ళు దాటినా వేయించుకోవాలి.

కుంచె మొన తేలడానికి నోట్లో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంటుంది. దీనికి చరిత్రలో ఒక విషాదం ఉంది. గడియారాల, విమాన పరికరాల ముళ్ళూ అంకెలూ చీకట్లో మెరవడానికి ఒకప్పుడు రేడియం కలిపిన రంగు వేసేవారు. 1920 ప్రాంతంలో అమెరికాలో ఆ పనిచేసిన అమ్మాయిలకు కుంచె పెదవులతో మొన తేల్చమని నేర్పారు. ఎందరికో దవడ ఎముకలు కుళ్ళిపోయాయి, ఎందరో చనిపోయారు. ఇప్పటి రంగుల్లో రేడియం లేదు. అయినా రంగు తిండి కాదు.

థిన్నరును కూల్‌డ్రింకు సీసాలోనో, నీళ్ళ సీసాలోనో పోసి పెట్టకండి. ఎండన పడి వచ్చిన పిల్లవాడు గటగటా తాగేస్తాడు. తాగితే ఉప్పునీళ్ళు పట్టించి వాంతి చేయించే అలవాటు మనలో ఉంది. అది చేయకూడదు. వాంతి అయ్యేటప్పుడు ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపులో ఉన్నదానికన్నా ఎక్కువ చేటు చేస్తుంది. సీసా చేత పట్టుకుని, పిల్లవాణ్ణి వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. ఇంట్లో వయసుకు వచ్చిన పిల్లలుంటే థిన్నరు, జిగురు తాళం వేసిన చోట ఉంచండి. మత్తు కోసం వీటిని పీల్చే దురలవాటు మన నగరాల్లో ఉంది. మొదటిసారి పీల్చినప్పుడే గుండె ఆగి చనిపోయిన పిల్లలున్నారు.

బల్ల చెప్పే జబ్బులు

ఇప్పటిదాకా బల్ల తెచ్చే జబ్బులు చెప్పాను. బల్ల ముందుగా పట్టిచ్చే జబ్బులు కూడా ఉన్నాయి. ఇంత సూక్ష్మమైన పని చేసేవారికి తమ శరీరంలో మార్పు అందరికన్నా ముందు తెలుస్తుంది. దాన్ని వయసు మీదికి తోసేయకండి.

చత్వారం అద్దాలు పుస్తకం చదివే దూరానికి ఇస్తారు. ముక్కలు పట్టుకునే దూరం అంతకన్నా తక్కువ. కంటినుంచి పనికి ఉన్న దూరం టేపుతో కొలిపించి ఆ కొలత కళ్ళడాక్టరుకి చెప్పండి, దానికి తగ్గ అద్దాలు ఇస్తారు. దీపం ఎడమచేతి వైపునుంచి పడాలి. ఎడమచేతివాటం అయితే కుడివైపునుంచి. ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి దూరంగా చూడండి.

ఈ విమానం లోపలి భాగాలకు నీలంకలిసిన ఆకుపచ్చ పూత ఉండేది. లోహం తుప్పు పట్టకుండా జపాను వాళ్ళు వేసిన పూత అది. మనవడికి నీలంగా కనిపించింది తాతయ్యకి బూడిదరంగుగా కనిపిస్తోందంటే శుక్లం ముదురుతోందేమో చూపించుకోవాలి. రెక్క మీది తిన్నని గీతలు ఒక కన్ను మూసి చూస్తే వంకరగా కనిపిస్తున్నాయా? అది కంటి లోపలి పొర జబ్బు కావచ్చు. వారం ఆగకండి. హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆస్పత్రి లాంటి ప్రభుత్వ వైద్యశాల ఉంది.

ఇక చేతులు. పట్టకారుతో ముక్క పట్టుకున్నప్పుడు చేయి వణికితే చాలావరకు భయం లేదు. కాఫీ ఎక్కువైనా, ఆయాసం మందులు వాడుతున్నా, థైరాయిడ్ ఎక్కువైనా వణుకుతుంది. కొందరికి వంశంలోనే ఉంటుంది. మోచేతులు బల్లకి ఆనిస్తే పని సాగుతుంది. కాని పని ఆపి చేయి ఒళ్ళో పెట్టుకున్నప్పుడు, అందులోనూ ఒక్క చేయే వణుకుతుంటే, అక్షరాలు చిన్నవైపోతుంటే, నడక నెమ్మదిస్తే, అది పార్కిన్సన్ జబ్బు కావచ్చు. దానికి మందులున్నాయి. బొటనవేలు, పక్క రెండు వేళ్ళు రాత్రిళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా? మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోంది. చిటికెనవేలు తిమ్మిరెక్కితే మోచేయి బల్ల అంచుకి ఆనించి కూర్చుంటున్నారు. కత్తి గుచ్చుకున్నా తెలియడంలేదంటే చక్కెర పరీక్ష చేయించండి.

అన్నిటికన్నా పెద్ద తప్పు పొద్దున్న ఎనిమిదినుంచి రాత్రి పదిదాకా కూర్చోవడం. మెడ పట్టేస్తుంది, కాళ్ళు వాస్తాయి. చక్కెర మాత్ర వేసుకుని 'ఈ ఒక్క ముక్క' అంటూ భోజనం మరిచిపోతే కళ్ళు తిరిగి పడిపోతారు. పెద్దవారు మూత్రం ఆపుకుని కూర్చోవడం మరీ చెడ్డది. పొద్దున్న ఒక గంట, సాయంత్రం ఒక గంట చాలు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. పనిని మెడ దగ్గరికి తేవడానికి బల్ల మీద ఒక పెట్టె పెట్టి దాని మీద చేసుకోండి, మీరు వంగకండి.

అసలు 'కేట్' విమానంలో బరువు తగ్గించాలని సిబ్బందికి కవచం పెట్టలేదు. గుండు తగిలితే కారిపోకుండా పెట్రోలు ట్యాంకులకి రక్షణ ఇవ్వలేదు. అది చాలా దూరం ఎగరగలిగేది, కాని తూటా తగిలితే మంటల్లో చిక్కుకునేది. పని బాగా జరిగితే చాలు, మనిషి సంగతి తర్వాత చూద్దామనుకునే చోటల్లా ఇలాగే అవుతుంది. ఇంట్లో చేసుకునే సరదా పనికి ఆ సూత్రం వద్దు.

మందుకి మోతాదు ఉన్నట్టే సరదాకీ మోతాదు ఉంది. ఇంట్లో పెద్దవారికి ఇష్టమైన పని ఒకటి దొరకడం అదృష్టం. అది మిగతావారికి ఇబ్బంది కాకుండా చూడటానికి చాలాసార్లు ఒక పీట, ఒక ఫ్యాను, ఒక జల్లెడ సరిపోతాయి. పెట్టెను అటక ఎక్కించే ముందు కిటికీ తెరిచి చూడండి.